పేన్ల ఆపా

వైరాలో చేపల దాణా కొట్టు నడిపే వెంకన్న మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, పేన్ల ఆపా పోయింది. పొద్దుగాల్ల. మధ్యాహ్నం నమాజు అయినంక తీస్కపోతరట" అన్నాడు. నేనప్పుడు తల్లాడ పాలకేంద్రంలో క్యాన్ల మూతలు తీసి వాసన చూస్తున్నాను. సరేనని ఫోన్ జేబులో పెట్టుకుని, మిగిలిన క్యాన్లు కూడా చూసి, పక్కతనికి పని అప్పజెప్పి అప్పుడు బయల్దేరాను. దారిలో ఒక సంగతి తోచింది. ఇన్నేళ్ళ పరిచయంలో ఆమె అసలు పేరు నాకు తెలియదు. నా ఫోన్లో కూడా పేన్ల ఆపా అనే ఉంది. అక్కడికి పోతే ఎవరైనా పేరు పెట్టి మాట్లాడతారేమో అనుకున్నాను. వాకిట్లో నిలబడ్డ వాళ్ళంతా ఆపా, అంటే ఉర్దూలో అక్క, అనే అన్నారు. నేనూ అడగలేదు.

చేపలకు పేన్లు పడతాయంటే చాలామంది నమ్మరు. పడతాయి. ఒక్కోటి కందిపప్పు బద్దంత ఉంటుంది. పలుచగా, లోపలి పేగులు కూడా కనబడేటట్టు ఉంటుంది. చేప ఒంటికి అంటుకుని ఉంటే పొలుసుకూ దానికీ తేడా తెలియదు. వేలితో తోస్తే జరుగుతుంది. అప్పుడు తెలుస్తుంది అది పొలుసు కాదని. చేప రక్తం పీల్చి బతుకుతుంది. పట్టిన చోటల్లా ఎర్రటి పుండవుతుంది. ఆ దురద పడలేక చేప రాళ్ళకు రాసుకుంటుంది, నీళ్ళ మీదికి ఎగిరెగిరి పడుతుంది. మా చెరువులో చేపలు అలా ఎగురుతుంటే మొదట్లో మేం సంతోషపడ్డాం, ఈ ఏడు మంచి హుషారుగా ఉన్నాయని.

మాది తల్లాడ దాటి తూర్పుకు పోతే అడవి మొదలయ్యే చోట చిన్న ఊరు. చెరువు కట్టకు ఇవతల మా ఇళ్ళు. అవతల, అలుగు దాటాక, టేకు చెట్ల మొదట్లో కోయగూడెం. చెరువులో చేపలు పెంచి పట్టుకునే హక్కు మా మత్స్యకారుల సంఘానిది. మా మేనమామ దానికి అధ్యక్షుడు. నాన్న పోయాక ఆయన సభ్యత్వం నాకు వచ్చింది. ఆ ఏడు ఎండలు ముదిరి నీళ్ళు తగ్గుతున్న కొద్దీ చేపల హుషారు సంగతి బయటపడింది. రవ్వ చేపలు, తలలే పెద్దగా కనబడేటట్టు, ఒళ్ళు సన్నబడి, తెల్లవారేసరికి ఒడ్డున వెల్లకిలా తేలుతున్నాయి. పట్టి చూస్తే ఒళ్ళంతా చీమలు కరిచినట్టు ఎర్రటి మచ్చలు.

మామ మర్నాడే పట్నం పోయి మిరప తోటలకు కొట్టే మందు డబ్బాలు తెచ్చి తూము పక్కన పెట్టించాడు. వేరే ఊరి సంఘం వాళ్ళు అదే పోశారట, ఒక్క రోజులో పురుగంతా చచ్చిందట. తెల్లారి పోద్దామన్నాడు. నాకు ఎందుకో మనసొప్పలేదు. వెంకన్నకు ఫోన్ చేస్తే, "పోయకముందు ఒక్కసారి పేన్ల ఆపాకు చూపియ్యిన్రి" అని నంబరిచ్చాడు.

ఆమె పొద్దున్నే పాత మోపెడ్ మీద వచ్చింది. యాభై దాటిన మనిషి. సల్వార్ కమీజు మీద మగవాళ్ళ చొక్కా, దాని జేబుల్లో చిన్న చిన్న సీసాలు, తలకు చున్నీ బిగించి కట్టుకుంది. వెనక సీటు మీద రెండు కట్లు. ఒకటి గళ్ళుప్పు సంచి, రెండోది కుట్టుమిషన్ పెట్టుకునే చెక్కపెట్టె. ఆ పెట్టెలో మైక్రోస్కోపు ఉంటుందని తర్వాత తెలిసింది. బండి స్టాండు వేయకముందే అడిగింది.

"చెరువు ఎవరిది?"

"సంఘానిది" అన్నాడు మామ.

"సంఘానికి పెద్దెవరు?"

"నేనే."

"అయితే మీరు కూసోండి. చేపను చూసే ముందు ఒక మాట చెప్త. విన్నంక చూడమంటే చూస్త, పొమ్మంటే పోత."

మామ కట్ట రాయి మీద కూర్చున్నాడు. ఆమె నిలబడే చెప్పింది.

"కల్లూరు దిక్కు ఒకాయన బొచ్చె చేపలు, నీలకంఠ రొయ్యలు ఒక్క చెరువుల కలిపి పెంచిండు. చేపలకు పేన్లు పట్టినయి. నన్ను పిలిచిండు. చేపను చూసిన, పేన్ను చూసిన, మందు చెప్పిన. రొయ్యలు గూడ ఉన్నయా అని అడగలే. పేను, రొయ్య ఒక్క ఖాందాన్. దీన్ని చంపేది దాన్ని బతకనియ్యది. తెల్లారేసరికి ఒడ్డు పొడుగూత రొయ్యలు. అది నేను చేసిన పని. ఇప్పుడు చెప్పండి. చూడాల్నా, వద్దా?"

మా మామ నాటువైద్యుల నుంచి పశువుల డాక్టర్ల దాకా ఎంతోమందిని చూసినవాడు. వచ్చీ రాగానే తన నేరం చదివి వినిపించే మనిషిని మాత్రం ఎన్నడూ చూసి ఉండడు. ఏమనాలో తోచక, "చూడమ్మా" అన్నాడు.

తర్వాత తర్వాత తెలిసింది, ఏ చెరువు కట్ట మీద అయినా ఆమె మొదలుపెట్టేది ఆ కథతోనేనని. మాటలు కూడా మారవు. కొన్ని ఊళ్ళలో అది విని, "మాకొద్దు లేమ్మా" అని పంపించేవారట. మోపెడ్ తిప్పుకుని వచ్చేసేదట. దానికి ఆమె నొచ్చుకున్నట్టు ఎవరూ చెప్పలేదు.

వల వేసి ఒక బొచ్చెను తెచ్చాం. ఆమె తాను పట్టుకోలేదు. "నీ చేపను నువ్వే పట్టుకోవాలె" అని మామ చేతికి తడిగుడ్డ ఇచ్చింది. చొక్కా జేబులోంచి నల్లటి భూతద్దం తీసి కుడి కంట్లో బిగించుకుంది. గడియారాలు బాగు చేసేవాళ్ళ దగ్గర ఉండేదే. వాళ్ళ నాన్నకు వైరా బస్టాండు దగ్గర గడియారాల దుకాణం ఉండేది. చేతి గడియారాలు పెట్టుకునే వాళ్ళు తగ్గి దుకాణం మూతపడ్డాక ఆ భూతద్దం కూతురికి వచ్చింది. ఒకసారి బిగించుకుంటే పని అయ్యేదాకా తీయదు. అలాగే మనవైపు తిరిగి మాట్లాడుతుంది, అలాగే చాయ్ తాగుతుంది. ఆ కంటివైపు కూర్చున్న మనిషికి తనలోనే ఏదో పురుగు వెతుకుతున్నట్టు ఇబ్బందిగా ఉంటుంది.

చేప మొప్పల దగ్గరి నుంచి తోకదాకా చూసి, గోటితో ఒకదాన్ని తోసి, "సాసర్ ఇయ్యండి" అంది. నేను చాయ్ తెచ్చిన సాసరే ఇచ్చాను. నీళ్ళు పోసి అందులో వేసింది. అప్పటిదాకా పొలుసులా ఉన్నది గిర్రున ఈదడం మొదలుపెట్టింది. రెండు నల్లటి చుక్కలు కళ్ళు, వాటి కింద కళ్ళజోడులాగా, చేపను పట్టుకునే రెండు గుండ్రటి పట్లు. సంఘం వాళ్ళంతా వంగి చూశారు. మా చెరువులో మాతోపాటు బతుకుతున్నదాన్ని మేం అందరం చూడడం అదే మొదలు.

అప్పుడు ఆమె చూపు అలుగు వైపు పోయింది. అక్కడ లోతు తక్కువ నీళ్ళలో గూడెం ఆడవాళ్ళు నలుగురైదుగురు పాత చీరను వలలాగా పట్టుకుని లాగుతున్నారు.

"వాళ్ళేం పడుతున్నరు?"

"చిట్టి రొయ్యలు. రోజు పట్టుకుంటరు, ఎండబెట్టుకుంటరు" అన్నాన్నేను.

"ఆ రొయ్యలు ఎవరియి?"

"ఎవరియేంది? ఎవరియి కావు" అన్నాడు మామ. "మేం పోసినయి కావు. చెరువుల పుడతయి, వాళ్ళు పట్టుకుంటరు."

ఆమె తూము పక్కన డబ్బాలు చూసింది. ఆ ఆడవాళ్ళ దగ్గరికి నడిచిపోయి, బుట్టలోంచి బతికున్న రొయ్యలు కొన్ని దోసిట్లో పోసుకుని వచ్చింది. వెనకే ముత్తమ్మ కూడా వచ్చింది. గూడెం ఆడవాళ్ళలో పెద్ద ఆమెనే. తన రొయ్యలు ఎటు పోతున్నాయో చూద్దామని వచ్చినట్టుంది. ఆపా ఒక బేసిన్లో చెరువు నీళ్ళు పోయించి, రొయ్యల్ని, నాలుగు పేన్లను, ఒక చిన్న బంగారుతీగ చేపపిల్లను వేసింది. డబ్బా మూత తీసి, బకెట్ నీళ్ళలో ఒక్క చుక్క కలిపి, ఆ బకెట్లోంచి ఒక గ్లాసెడు తెచ్చి బేసిన్లో పోసింది.

కాసేపు ఏమీ కాలేదు. మామ మీసం దువ్వుకున్నాడు. తర్వాత ఒక రొయ్య వెనక్కి ఎగిరి బేసిన్ అంచుకు కొట్టుకుంది. తర్వాత ఇంకోటి. అవన్నీ పక్కకు ఒరిగి కాళ్ళాడిస్తున్నప్పుడు పేన్లు ఇంకా ఈదుతూనే ఉన్నాయి. రొయ్యలు కదలడం ఆగిపోయాక పేన్లు ఒక్కొక్కటే అడుక్కు దిగాయి. చేపపిల్ల బతికే ఉంది, కానీ నోరు తెరుచుకుని పైకి వచ్చి నిలబడింది.

ముత్తమ్మ బేసిన్ వైపు, డబ్బాల వైపు, మామ వైపు చూసింది. "ఇది చెర్ల పోస్తరా?" అంది.

సంఘంలో ఒకాయన అందుకున్నాడు. "రొయ్యల కోసమని మా చేపలు సంపుకోమంటరా? ఏడాది కష్టమమ్మా ఇది. రోజుకిన్ని తేలుతున్నయి."

"చంపుకోమనలే" అంది ఆపా. "ఈ చెర్ల బర్రెలు తాగుతయా?"

"తాగుతయి."

"చేపలు అమ్మేటియేనా, మీరు గూడ తింటరా?"

"తింటం."

"అయితే నీళ్ళల మందు పోసుడంటే మీ నీళ్ళ గాబుల పోసుకున్నట్టే. రేపు ఈ బతికిన చేపను మీ ఇంట్ల వండుకోమంటె వండుతరా?"

మామకు కోపం వచ్చింది. "మరేం చెయ్యమంటవు? చూసుకుంట కూసోమంటవా? ఒక మందు వద్దంటివి, ఇంకో మందు చెప్పవైతివి."

"వెదుర్లున్నయా ఊళ్ళె?" అందామె.

అడవి పక్క ఊరు. వెదురు లేని ఇల్లు లేదు. అప్పుడు చెప్పింది. పేను చేప మీద బతుకుతుంది కానీ గుడ్లు చేప మీద పెట్టదు. దిగిపోయి, రాయికో కర్రకో గట్టి దానికి అంటించి వస్తుంది. మా చెరువు అడుగంతా బురద. రాళ్ళు తక్కువ. కాబట్టి నీళ్ళలో వెదుర్లు నిలబెడితే వచ్చి వాటికే పెడుతుంది. గుడ్లు పగిలి పిల్లలు రాకముందే వెదురు గుంజి ఎండలో పడేస్తే ఆ గుడ్లు ఎండి చస్తాయి. వారం వారం మళ్ళీ పాతాలి, మళ్ళీ గుంజాలి. ఈలోపు ఎదిగిన చేపల్ని పట్టి అమ్మేసి చెరువులో గుంపు పలచన చేయాలి. మిగిలిన వాటిలో పట్టగలిగిన వాటిని తొట్టిలో ఉప్పునీళ్ళలో ముంచి వదలాలి.

"ఎప్పటిదాకా?" అన్నాడు మామ.

"వానలు పడి కొత్త నీళ్ళు వచ్చేదాకా. పున్నమికి ఒకసారి వచ్చి చూస్త. తగ్గకపోతే అప్పుడు మీ ఇష్టం."

"వారం వారం చెరువంత దిగి వెదుర్లు గుంజే తీరిక ఎవరికున్నదమ్మా? మిరపకాయ కోతలు నడుస్తున్నయి."

ఆపా ముత్తమ్మ వైపు తిరిగింది. "మీరు రోజు నీళ్ళల దిగుతున్నరు గదా?"

ముత్తమ్మ వెంటనే ఒప్పుకోలేదు. పక్కవాళ్ళతో కోయ భాషలో చాలాసేపు మాట్లాడింది. తర్వాత అంది, "గుంజుతం. గని మొన్న మీ సంఘపోళ్ళు మమ్మల్ని ఎల్లగొట్టిరి. చేపపిల్లలు పడుతున్నరని రొయ్యలు పట్టే చీర గుంజుకున్నరు. పని చేపిచ్చుకొని మళ్ళ ఎల్లగొడితే?"

ఆ సంగతి నిజమే. ఆపా మామను చూసింది.

"ఎల్లగొట్టం" అన్నాడు మామ, నేల చూస్తూ.

"జర గట్టిగ చెప్పండి. ఆమెకు వినబడలే."

"ఎల్లగొట్టమంటున్న గదా! రొయ్యలు వాళ్ళియి. పట్టుకోమను."

అలా కుదిరింది. డబ్బాలు వాపసు పోయాయి. ఆ పూట ఆమె మా ఇంట్లో అన్నం తిన్నది. అది తినేటప్పుడు కూడా భూతద్దం తీయలేదు.

పున్నమికి చెప్పినట్టే వచ్చింది. గుంజిన వెదురు మీద గుడ్లు వరసలు వరసలుగా, జిగురు పూసి గసగసాలు అద్దినట్టు ఉన్నాయి. చేపలు చావడం ఆగలేదు కానీ తగ్గింది. రవ్వలు చాలా పోయాయి. బొచ్చెలు మిగిలాయి, బక్కచిక్కి. ఆ ఏడు మా చేపలకు మార్కెట్లో మంచి పేరేమీ రాలేదు. మందు పోసి ఉంటే ఒక్కనాటితో అయిపోయేదని సంఘంలో సగం మంది ఇప్పటికీ అంటారు. నేను అటూ ఇటూ చెప్పలేను. పోయలేదు కాబట్టి పోస్తే ఏమయ్యేదో మాకు తెలియదు.

వానలు మొదలయ్యాక ఒకసారి అడిగాను. "గెలిచినట్టేనా ఆపా?"

"పేన్లతోని గెలుచుడుండది తమ్ముడూ. తక్కువ చేసుకునుడే. నీ నెత్తిల పేన్లు మీ అమ్మ ఎన్నిసార్లు తీసింది? గెలిచిందా?"

ఆ తర్వాత ఆమె మా ఇంటికి రావడం అలవాటయింది. అటు వైపు ఏ చెరువుకు పోయినా చాయ్‌కి ఆగేది. మొదటి రోజు పేను ఈదిన సాసర్‌లో మా ఇంట్లో మరెవరూ చాయ్ తాగలేదు. నా భార్య దాన్ని గూట్లో వేరుగా పెట్టింది. ఆపాకు ఆ సంగతి తెలిసి, వచ్చినప్పుడల్లా గూట్లోంచి తానే తీసుకుని, "నా సాసర్ ఏది, నా సాసర్" అని అందులోనే పోసుకునేది. చాయ్ పూర్తిగా చల్లారాకే తాగేది. మాటల్లో పడి ఒక్కోసారి తాగడమే మరిచిపోయేది.

ఉప్పు మీద ఆమెకు ఎంత గురి అంటే, ఎవరు ఏ బాధ చెప్పుకున్నా ముందు అదే అడిగేది. మామకు పంటి నొప్పి వస్తే, "ఉప్పు పెట్టిన్రా?" నా కూతురికి గొంతు పట్టేస్తే, "ఉప్పు పుక్కిలించిన్రా?" ఒకసారి మా పక్కింటామె తన కోడలు మాట వినడం లేదని ఏడుస్తుంటే ఆపా అంతా విని, "ఉప్పు..." అని మొదలుపెట్టి తానే నవ్వేసింది.

సర్కారు చేపపిల్లల కేంద్రంలో ఆమెకు కాంట్రాక్టు ఉద్యోగం ఉండేది. అక్కడే మైక్రోస్కోపు నేర్చుకుంది. కాంట్రాక్టు ముగిశాక పాత మైక్రోస్కోపు ఒకటి హైదరాబాద్ నుంచి తెప్పించుకుని ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. ఎందుకు ఇంకా తిరుగుతున్నావని నేనడిగితే, "కాంట్రాక్టు అయిపోయిందని నాకు చెప్పిండ్రు. చేపలకు ఎవ్వరు చెప్పలే" అంది. పెళ్ళి సంగతి అడిగే వాళ్ళకు ఒకటే జవాబు. "ఎవరికి?" అని ఎదురడిగి చుట్టూ చూసేది, పెళ్ళికొడుకు అక్కడెక్కడో కూర్చున్నట్టు.

ఒక మధ్యాహ్నం మా వరండాలో పెట్టె తెరిచి నాకు మైక్రోస్కోపులో చూపించింది. ఏదో చెరువు నుంచి తెచ్చిన రొయ్య మొప్ప. మామూలు కంటికి దాని మీద కాస్త బూజు పట్టినట్టుంది, అంతే. అద్దంలో చూస్తే సన్నటి కాడల మీద గంటల్లాంటి పురుగులు గుంపులు గుంపులుగా ఊగుతున్నాయి. అన్నీ ఒక్కసారి ముడుచుకుంటున్నాయి, ఒక్కసారి విచ్చుకుంటున్నాయి. "మంచిగున్నయి గదా" అంది. "ఉన్నయి" అన్నాను. "ఇవి ఎక్కువైతే రొయ్యకు ఊపిరాడది. వాటికి ఆ సంగతి తెల్వది. అవి ఊగుతయి." తర్వాత చేప మొప్ప మీది పురుగును చూపించింది. జలగలాగా సాగుతోంది. వెనక కొక్కేలు. ఒక్కో పురుగును అద్దం కిందికి తెచ్చేటప్పుడు, "దా, దా అమ్మా, సిగ్గెందుకు" అని పిలిచేది. వాటి మీద ఆమెకు ద్వేషం లేదు. చేపల మీద ప్రత్యేకం ప్రేమ ఉన్నట్టు కూడా నాకు కనబడలేదు. బజారులో చేపలు కొనేటప్పుడు బాగా బేరమాడేది, ఇష్టంగా తినేది.

ఆమె చెప్పిందల్లా సరైనదీ కాదు. వైరా దగ్గర ఒకాయన చెరువులో చేపలు తెల్లవారుజామున నోళ్ళు తెరుచుకుని పైకి వస్తుంటే మొప్పల్లో పురుగులున్నాయని చెప్పి వచ్చింది. పురుగులు ఉన్న మాట నిజమే. ఇంటికి వచ్చాక సందేహం పట్టుకుని, మర్నాడు పిలవకుండానే మళ్ళీ పోయింది. నీళ్ళలో గాలి తక్కువై చేపలు చస్తున్నాయి. "నిన్న తప్పు చెప్పిన. పురుగు ఉన్నది గని చంపేది అది కాదు" అని కట్ట మీద నలుగురిలో చెప్పింది. ఆయన మళ్ళీ ఆమెను పిలవలేదు. ఇది ఆమే మా వరండాలో చెప్పింది, ఎవరి సంగతో చెప్పినట్టు.

ఇక కల్లూరు రొయ్యల ఆయనను నేను చూశాను. అనుకుని కాదు. వెంకన్న కొట్టు దగ్గర దాణా సంచులు ఎత్తిస్తుంటే మాటల్లో ఆపా ప్రస్తావన వచ్చింది. పక్కన బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి, "ఆమె చెప్పేది నా చెరువు కథనే" అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళూ ఆ కథలోని మనిషి ఆమె మీద పగతో ఎక్కడో ఉన్నాడనే అనుకున్నాను.

"ఆమె అన్యాయంగ మీదేసుకుంటది తమ్మీ" అన్నాడాయన. "ఆ ముందురోజే కరెంటు పోయి గాలి మిషన్లు బందైనయి. ఆమె రాకముందే రొయ్య సగం కొట్టుకుంటున్నది. మందు పోయకున్నా నాకు దక్కేటియి కావు. ఎన్నిసార్లు చెప్పిన్నో. వినది. రంజాన్‌కు సేమియా పంపిస్తది. మా ఇంటిదానికి అయితే ఆమె మీద పాణం. ఊరూర తిరిగి తన పరువు తానే తీసుకునుడేంది, నువ్వన్న చెప్పు."

తర్వాత ఆమె వచ్చినప్పుడు చెప్పాను. కరెంటు పోయిందట కదా, సగం ముందే చావుబతుకుల్లో ఉన్నాయట కదా అన్నాను. ఆమె సాసర్లో చాయ్ ఊదుకుంటోంది.

"ఆయనకు దయ ఎక్కువ" అంది.

"అబద్ధం చెప్తడా?"

"అబద్ధం కాదు. సగం చచ్చేటియే. నేను గూడ చూసిన." చాయ్ కింద పెట్టింది. "మిగిలిన సగం? మందు పోసిన తెల్లారి పొయ్యి, ఇంక కాళ్ళాడిచ్చే రొయ్యను చేతుల పట్టుకొని చూసిన తమ్ముడూ. మంచిగున్నది. మొప్ప సాఫ్. జరసేపటికి అది గూడ లేదు. కరెంటు మీద అన్నీ ఏస్తే దాన్ని ఎవరి ఖాతాల రాయాలె?"

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. ఉప్పు సంచి కట్టు సరిచూసుకుని బండెక్కింది. ఆ తర్వాత కూడా కొత్త చెరువుకు పోయినప్పుడల్లా ఆ కథే చెప్పేది. ఒక్క మాట కూడా తగ్గించలేదని వెంకన్న అనేవాడు.

రెండేళ్ళ కింద షుగర్ ఎక్కువై కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఖమ్మం దవాఖానాలో డయాలసిస్ మొదలైంది. కంటి చూపు మసకబారింది. మోపెడ్ మానేసింది. నేను రెండుసార్లు ఇంటికి పోయి చూశాను. రెండుసార్లూ తన ఒంటి సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, నీళ్ళు ఏ మట్టానికి వచ్చాయి, వెదుర్లు మార్చారా అని అడిగింది. మార్చామనే చెప్పాను. మా సంఘంలో ఆ పద్ధతి ఎలాగో నిలబడింది. గూడెం వాళ్ళు రొయ్యలు పడుతున్నారు, వెదుర్లు గుంజుతున్నారు. పేన్లు కొన్ని ఏళ్ళు తక్కువ, కొన్ని ఏళ్ళు ఎక్కువ. ఎప్పుడూ పూర్తిగా పోలేదు.

ఈ ఎండాకాలం మొదట్లో ఒకరోజు మామ ఫోన్ చేశాడు. "మీ ఆపా వచ్చింది. కట్ట మీద కూసున్నది. జల్దీ రా." నేను సెలవు అడిగి వచ్చేసరికి ఆమె కిరాయి ఆటోలో వచ్చి, కట్ట మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కుర్చీ మామ తెచ్చి వేశాడు. ముఖం ఉబ్బి, చేతులు సన్నబడి, నేను ఎరిగిన మనిషిలా లేదు. గొంతు మాత్రం అదే.

"ఒక వెదురు గుంజి తెండి" అంది.

ముత్తమ్మ నీళ్ళలోకి దిగి ఒకటి గుంజి తెచ్చి, నీళ్ళు కారుతుండగానే ఆమె ఒళ్ళో అడ్డంగా పెట్టింది. ఆపా దాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. దూరంగా పెట్టి చూసింది. వేళ్ళతో ఒక కొస నుంచి ఇంకో కొసదాకా తడిమింది. షుగర్ వల్ల ఆమె వేళ్ళకు స్పర్శ తెలియడం లేదని నాకు అప్పుడే అర్థమైంది. గుడ్ల మీద నుంచే వేళ్ళు పోతున్నాయి. ఆ వెదురు మీద సందు లేకుండా ఉన్నాయి గుడ్లు.

"ఉన్నయా?" అని అడిగింది.

ముత్తమ్మ వంగి చూసింది. "ఉన్నయి" అంది. కాస్త ఆగి, "నిరుటంత లేవు" అంది.

మామ నీళ్ళ వైపు తిరిగాడు. ఆపా తల ఊపి, వెదురు తిరిగి ఇచ్చేసి, చేతులు కమీజుకు తుడుచుకుంది. ముత్తమ్మ ఆకులో పొట్లం కట్టిన ఎండు రొయ్యలు ఇస్తే తీసుకుంది. డాక్టర్లు అవి తిననివ్వరని మా అందరికీ తెలుసు. నా భుజం పట్టుకుని ఆటో దాకా నడిచింది. ఎక్కి కూర్చున్నాక నా చెయ్యి వదలలేదు.

"ఎన్నొద్దులకు ఒకసారి గుంజుతున్నరు?"

"ఎండలకు జర ఆలిశమైతున్నది ఆపా."

"అచ్ఛా." రెండో చేత్తో ఒళ్ళోని పొట్లం సర్దుకుంది. "గుడ్లు ఎప్పుడు చూసినా ముత్తమ్మ ముందు తిడ్తది. ఆమె తిట్టు అలుగు దాక వినబడ్తది. ఇయ్యాల తిట్టలే. నా మొఖం చూసి ఆగింది."

నేను కట్ట వైపు చూశాను.

"నా మీద జాలి పడితే పేన్లు తగ్గుతయా తమ్ముడూ? బగ్గ ఉన్నయి. రేపు పొద్దుగాల్ల అన్ని గుంజిపియ్యి. మంచిగ ఎండనియ్యి" అని, ఆటో అతనితో పోనిమ్మంది.

మర్నాడు నేను పనికి పోలేదు. లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాను. పిలవకుండానే మామ కూడా దిగాడు. ఈ వయసులో ఎందుకంటే వినలేదు. మేం గుంజి ఒడ్డుకు తోస్తుంటే ముత్తమ్మ వాటిని కట్ట రాళ్ళ మీద వరసగా పరుస్తోంది. మొదటి వెదురు చూసి ఏదో గొణిగింది. రెండోదానికి గొంతు పెంచింది. మూడోదానికి కోయ భాషలో పేన్ల తల్లినీ తాతలనూ పేరు పేరునా తిట్టడం మొదలుపెడితే గూడెం నుంచి పిల్లలు వచ్చి నవ్వుతూ నిలబడ్డారు.

ఒడ్డున చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఒడ్డెక్కి తడిచేత్తోనే తీశాను. ఆపా.

"గుంజుతున్నరా?" అంది.

నేను ఔనని చెప్పబోతుంటే ముత్తమ్మ ఇంకో వెదురు ఎత్తి చూసి మళ్ళీ తిట్లందుకుంది.

"ఆఁ, వినబడ్తున్నది తియ్యి" అని ఆపా ఫోన్ పెట్టేసింది.